అమ్మవారిని పుట్టలో వదిలేసిన ఏడు నిమిషాలు

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు చెప్పండి" అంది. మంచి మాటలు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మైకు ముందు నిలబడి చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర మిగిలినవి సిగ్గుపడే మాటలు. వాటిని కాఫీ తాగుతూ చెప్పలేక, "రాసి పంపిస్తాలే" అని పంపేశాను. ఇదిగో, రాస్తున్నాను.

నేను ఇరవై ఏడేళ్లు సాంస్కృతిక వ్యవహారాలు చూసే ఒక జిల్లా ఆఫీసులో పనిచేశాను. ఆరేళ్ల సర్వీసు మిగిలి ఉండగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. పశ్చాత్తాపంతో అనుకునేరు, కాదు. మోకాళ్ల నొప్పి. పశ్చాత్తాపం తర్వాత వచ్చింది, అదీ తనంతట తాను రాలేదు.

మేం చేసే పని

బయటి వాళ్లకు మా ఆఫీసు పని "కళల్ని కాపాడటం" అని చెబుతాం. నిజంగా చేసేది వేరు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు ఆడాలి, ఏ బట్ట కట్టుకోవాలి, ఏ పథకం మీద పాట కట్టాలి అన్నది నిర్ణయించడం. మా ఫైలులో తప్పెటగుళ్లు, సాముగరిడీలు, తూర్పు భాగవతం, పులివేషం, జముకుల కథ అన్నీ ఒకే జాబితాలో, వరస సంఖ్యలతో ఉండేవి. జాబితాలోకి ఎక్కించగానే అవన్నీ ఒకే రకం సరుకులా కనిపిస్తాయి. అక్కడే మొదటి తప్పు జరుగుతుంది.

కళల ఆర్థిక విషయాల మీద విశాఖపట్నంలో మాకు శిక్షణ ఇచ్చారు. కళను మార్కెట్‌కు తగ్గట్టు తయారుచేయాలని, పొట్టిగా, రంగురంగులుగా, ఎక్కడైనా వేయగలిగేలా ఉండాలని చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని అంతా రాసుకున్నాను. పల్లెలో ఆ కళకు అప్పటికే ఒక ఆర్థిక వ్యవస్థ ఉందని అక్కడ ఎవరూ అనలేదు. నాకు తెలిసి ఉండాల్సింది. మాది గరివిడి పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. డిగ్రీ చదివి ఆఫీసులో కూర్చున్నాక, తెలిసిన దాన్ని కూడా తెలియనట్టు ఉండటం అలవాటైంది.

జముకుల కథ చెప్పేవాళ్ల సంగతే చూడండి. చంకలో ఇరికించుకుని తీగ మీటే చిన్న వాయిద్యం జముకు. కథ చెప్పే ఆయన ఒకరు, జముకు వాయిస్తూ వంత పాడే ఆయన ఒకరు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు వంశపారంపర్యంగా ఉంటాయి. ఆ ఊళ్లో అమ్మవారి పండగకు మూడు రాత్రులు కథ వాళ్లదే. ఇంకో బృందం రాదు. అన్నం వంతుల వారీగా ఇళ్లవాళ్లు పెడతారు, కోతలయ్యాక ధాన్యం కొలుస్తారు, కొత్త బట్టలు పెడతారు. పక్క ఊరి చుట్టాలు వచ్చి విని, తమ ఊరికి పిలుస్తారు. బదులుగా కథకుడు చేయాల్సింది ఒక్కటే. వాన వచ్చినా జ్వరం వచ్చినా వెళ్లాలి, మొదలుపెట్టిన కథను ముగించాలి. ఈ ఒప్పందం ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద లేనిది మా ఆఫీసుకు కనిపించదు.

గంట నా ఆలోచనే

జిల్లా ఉత్సవాల్లో ఒక్కో బృందానికి ఏడు నిమిషాలు. ఈ నియమం పైనుంచి రాలేదు, నేనే పెట్టాను. అంతకుముందు కార్యక్రమాలు గంటల తరబడి సాగేవి, అతిథులు విసుక్కుని మధ్యలో లేచిపోయేవారు. నేను వేదిక పక్కన బల్ల వేయించుకుని, దాని మీద ఒక ఇత్తడి గంట పెట్టుకున్నాను. ఏడు నిమిషాలు కాగానే కొట్టేదాన్ని. ముందురోజు రిహార్సల్లో అందరికీ ఒకటే పాఠం చెప్పేదాన్ని. "గంట వినపడగానే ఏ పదం మీద ఉంటే అక్కడే ఆపాలి. నవ్వాలి. నమస్కారం పెట్టాలి. దిగిపోవాలి."

మా పెద్దాఫీసరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. పక్క జిల్లాల వాళ్లు వచ్చి చూసి రాసుకెళ్లారు. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ రోజుల్లోనే తప్పెటగుళ్ల బృందానికి మెరిసే శాటిన్ చొక్కాలు కుట్టించాను. వాళ్లు రేకు తప్పెటను మెడలో వేసుకుని, గుండె మీద ఆనించి వాయిస్తూ గెంతుతారు. శాటిన్ మీద అది నిలబడదు, గెంతినప్పుడల్లా భుజం వైపు జారిపోతుంది. బృందం పెద్దాయన చొక్కా అంచు వేళ్లతో పట్టుకుని, "మేడమ్, ఇది గుడ్డేనేటి, సబ్బు ముక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ఫొటోలో బాగుంటుంది, సర్దుకోండి" అన్నాను. సర్దుకున్నారు. గెంతడం తగ్గించేశారు.

కలెక్టరాఫీసు నుంచి ఒక అధికారి మా విభాగానికి ఎనిమిది నెలలు ఇన్‌చార్జిగా ఉన్నాడు. నా నివేదిక తిరగేసి, ఎన్ని ప్రదర్శనలు, ఎందరు కళాకారులు అన్నవి చూసి పక్కన పెట్టి, "మన కార్యక్రమం అయ్యాక వీళ్లను ఎవరు పిలిచారమ్మా?" అని అడిగాడు. ఆ గడి నా నివేదికలో లేదు. "వాళ్ల సొంత ఊళ్లు వాళ్లను పిలుస్తున్నాయా, మానేశాయా? అది చెప్పు, మన పని మంచిదో చెడ్డదో నేను చెబుతా" అన్నాడు. ఆయన గది నుంచి బయటికి వచ్చి మా గుమాస్తాతో, "ఈయన నాలుగు రోజుల్లో బదిలీ అయిపోతాడు, కంగారుపడకు" అన్నాను. బదిలీ అయ్యాడు కూడా. నా ఉద్యోగంలో విన్న ఒకే ఒక్క తెలివైన ప్రశ్నను అలా నవ్వి తోసేశాను.

తవిటయ్య

రాజాం దాటాక ఒక ఊరు ఉంది, పేరు రాయను. ఆ ఊరి అమ్మవారి కథ తవిటయ్య కుటుంబానిది. వంత పాడేది ఆయన బావమరిది సింహాచలం. ఆ ఏడాది జిల్లా ఉత్సవానికి వాళ్లను నేనే ఎంపిక చేశాను. రిహార్సల్లో తవిటయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏడు నిముసాలంటే కతలో ఏ ముక్క సెప్పమంటారు?"

"ఏదైనా చెప్పండి. బాగా జోరుగా ఉన్నది."

"జోరుగా ఉన్నదంటే అమ్మోరు పుట్టలోకి దిగిన ముక్క. దాన్ని ఎత్తుకుంటే మల్లీ అమ్మోరిని పైకి తేవాలమ్మా. తెచ్చినంతవరకూ ఆపకూడదు."

"ఎంతసేపు పడుతుంది?"

"అదెంతమ్మా, అరగంటుంటాది."

"అరగంటా! తొందరగా పాడండి."

"ఒరే బావా, రైలెక్కి పాడమంతన్నారు" అన్నాడు సింహాచలం వెనకనుంచి. నేను వాణ్ని ఉరిమి చూశాను. తవిటయ్య మళ్లీ ఏదో అనబోతే, "పెద్దవారు, మీకు తెలియనిదా, సర్దండి" అన్నాను. మర్యాదగానే అన్నాను. మా ఉద్యోగంలో మర్యాద ఎదుటివాడి నోరు మూయించడానికి బాగా పనికొస్తుంది.

మర్నాడు వేదిక మీద తవిటయ్య నిజంగానే సర్దడానికి చూశాడు. చరణాలు దాటేశాడు, ఊపిరి తీసుకోకుండా పాడాడు. అతిథులు కూడా కబుర్లు ఆపి విన్నారు. అమ్మవారు పుట్టలోకి దిగింది. పైన మన్ను కప్పుకుంది. జముకు మోత సన్నబడింది. ఇక పైకి పిలిచే పాట ఎత్తుకోవాలి, నోరు తెరిచాడు. నేను గంట కొట్టాను.

ఆయన నా వైపు చూశాడు. నేను ఇంకోసారి కొట్టాను. ఆయన నేర్పినట్టే ఆపాడు, నేర్పినట్టే నవ్వాడు, నమస్కారం పెట్టి దిగిపోయాడు.

పది నిమిషాల తర్వాత వేదిక వెనక బస్సుల దగ్గర జముకు వినిపించింది. వెళ్లి చూస్తే ఇద్దరూ గోడవైపు తిరిగి, ఎదురుగా ఎవరూ లేకుండా పాడుతున్నారు. అవతల వేదిక మీద అతిథులతో గ్రూపు ఫొటోకు అందరూ వరసలో నిలబడి ఉన్నారు, వీళ్లిద్దరే తక్కువ.

"ఏంటిది తవిటయ్యగారూ? అక్కడ ఫొటోకి పిలుస్తుంటే!"

"పావుగంట ఉండండమ్మా. అమ్మోరిని పైకి తెచ్చెత్తాం."

"ఇంటికెళ్లాక తెచ్చుకోండి, ఎవరు వద్దన్నారు?"

సింహాచలం జముకు కిందికి దించాడు. ఇద్దరూ వచ్చి ఫొటోలో నిలబడ్డారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను మధ్యలో ఉన్నాను.

ముగ్గురు పెద్దమనుషులు

మా ఆఫీసు పేజీలో ఆ వీడియో పెట్టాం. నేనే ఎడిట్ చేయించాను. గంట శబ్దం వినసొంపుగా లేదని తీయించేశాను. దాంతో వీడియోలో ఏముందంటే, తవిటయ్య అమ్మవారిని పుట్టలోకి దించుతాడు, పాడటం ఆపుతాడు, నవ్వుతాడు, దండం పెట్టి వెళ్లిపోతాడు. అంతే.

ఆ వీడియో ఆయన ఊళ్లో ఫోను ఫోనుకూ తిరిగింది. ఆ ఏడే ఊళ్లో వరికి దోమపోటు తగిలింది, గేదెలకు జబ్బు చేసింది. పురుగు ఎందుకొస్తుందో నేను చెప్పగలను, మీరూ చెప్పగలరు. కానీ ఆ ఊరు అమ్మవారిని ఎలా చూస్తుందో తెలిసిన వాళ్లెవరూ కథ మధ్యలో ఆగడాన్నీ ఈ నష్టాన్నీ వేరుగా చూడమని వాళ్లకు చెప్పలేరు.

ఒక ఉదయం ముగ్గురు పెద్దమనుషులు బస్సు దిగి మా ఆఫీసుకు వచ్చారు. ముందున్న ఆయన పేరు రామినాయుడు. కుర్చీలు చూపించినా కూర్చోలేదు.

"అమ్మా, ఒక్క మాట అడిగి ఎల్లిపోతాం. ఆ దినం కత తవిటయ్య ఆపినాడా, మీరు ఆపించినారా?"

ఎంత తేలికైన ప్రశ్నో చూడండి. జవాబు ఒక్క ముక్క. కానీ సరిగ్గా ఆ వారమే మా గంట పద్ధతి మీద ఇంకో బృందం పైకి ఫిర్యాదు పెట్టింది. ప్రజల నమ్మకాలను అవమానించామని పేపర్లో పడుతుందని మా పెద్దాఫీసరు హడలిపోయి, "ఎవరడిగినా మనం ఆపామన్న మాట నీ నోట రాకూడదు" అన్నాడు. ఆయన అన్నాడు సరే. మాట నా నోటిది కదా.

"మేం ఆపలేదండీ. ఆయనే ముగించారు" అన్నాను.

"అమ్మోరిని పుట్టలో ఒదిలేసి ముగించినాడా?"

"వీడియోలో చూశారు కదా."

"నవ్వినాడు కూడాను" అన్నాడు వెనక ఉన్నాయన. రామినాయుడు ఆయన్ని మోచేత్తో పొడిచి, "సాల్లే, పదండి" అన్నాడు. నాకు దండం పెట్టి వెళ్లిపోయారు. మంచినీళ్లు కూడా తాగలేదు.

తర్వాత పండగకు తవిటయ్యను ఆ ఊరు పిలవలేదు. అది చూసి మిగతా ఊళ్లూ మానేశాయి. నాకు ఆ సంగతి మూడో నెల్లోనే తెలిసింది. ఏం చేశానో తెలుసా? ఆయన్ని ప్రభుత్వ కార్యక్రమాల జాబితాలో పైకి జరిపాను. మరుగుదొడ్ల మీద ఒక పాట, ఓటు హక్కు మీద ఒక పాట రాయించి పాడించాను. ఊళ్లు తీసేసుకుని, బదులుగా ఏడాదికి నాలుగుసార్లు ఏడేసి నిమిషాలు ఇచ్చాను. దాన్ని నా నివేదికలో "ఆదుకోవడం" అని రాశాను. రెండేళ్లయ్యాక ఆయన రావడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

రాజాంలో

విరమించిన ఏడాదికి రాజాంలో ఒక కాలేజీవాళ్లు జానపద పోటీలకు న్యాయనిర్ణేతగా పిలిచారు. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న కాపలాదారు లేచి దండం పెట్టాడు. తవిటయ్య. పోటీలు అయ్యాక బయటికి వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, వాదన పెట్టుకున్నాను. అది నాకు బాగా వచ్చు.

"మీరు ఊళ్లోవాళ్లకు గట్టిగా చెప్పి ఉండాల్సింది. గంట కొట్టింది మేడమ్ అని అనకపోయారా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నన్నడిగినారమ్మా. 'ఆపింది నువ్వేనా' అని. నాను కాదు, ఐనా నా మాటెందుకు, ఎల్లి మేడం గారినే అడగండి అన్నాను. మీ కాడికి పంపింది నానే కదేటి."

"మీరు పంపారా? ఎందుకు?" అన్నాను.

"నాను సెప్తే ఆఫీసరు మీద సాడీ సెప్పినట్టుంటాది. మీరు సెప్తే నిజం సెప్పినట్టుంటాది. అందుకని పంపినాను" అన్నాడు.

"మరి నేను..."

"తెలుసమ్మా. ఊరోల్లు ఎనక్కొచ్చి సెప్పినారు." గేటు దగ్గర ఆగిన బైకుకు అడ్డు తీసి, వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "అప్పుడు కత ఒదిలేసినోడినే కాదు, అబద్దికుణ్ని కూడా అయిపోనాను."

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఎవరికో బస్సు వేళ చెబుతున్నట్టు అన్నాడు.

ఇన్నేళ్లూ నన్ను నేను ఏమని సమాధానపరచుకున్నానంటే, అది ఒక వ్యవస్థ తప్పు, పైవాళ్ల ఒత్తిడి, నేను చిన్న ఉద్యోగిని. అవన్నీ నిజమే. కానీ ఆ మనిషి నన్ను సాక్ష్యానికి ఎంచుకున్నాడు. చదువుకున్నది, మా పక్క మనిషి, అబద్ధమాడదు అనుకున్నాడు. దానికి వ్యవస్థ ఏం చేస్తుంది?

రామమందిరంలో

ఆ నెల్లోనే పండగ గురించి మాట్లాడుకోవడానికి ఆ ఊరివాళ్లు రామమందిరంలో కూడుతున్నారని తెలిసి వెళ్లాను. ఉత్సవ కమిటీ అధ్యక్షుడు కుర్రవాడు, నన్ను చూసి ఎంతో సంబరపడ్డాడు.

"రండి మేడం! మీరు ట్రైనింగిచ్చిన ట్రూపే ఇప్పుడు మాకు అమ్మోరి కత సెప్తంది. పన్నెండు నిముసాల్లో అయిపోతాది. తరవాత డీజే. మూడు రాత్రులు ఎవుడు కూకుంటాడు మేడం ఇప్పుడు? మీరు మంచి పద్దతి పెట్టినారు."

తప్పు ఒప్పుకోవడానికి వెళ్లినదాన్ని శాలువా కప్పి పొగుడుతుంటే ఎలా ఉంటుందో తెలుసుకునే అవసరం మీకు రాకూడదని కోరుకుంటాను. శాలువా తీసి పక్కన పెట్టి చెప్పాను. గంట నేనే కొట్టానని, ఆయన పైకి పిలిచే పాట ఎత్తుకోబోతుంటే రెండుసార్లు కొట్టానని, బస్సు దగ్గర పాడుతుంటే ఆపించానని, నవ్వడం నేనే నేర్పానని, పెద్దమనుషులు వచ్చి అడిగితే అబద్ధం చెప్పానని. వరసగా చెప్పాను, మధ్యలో ఎక్కడా "పరిస్థితుల వల్ల" అనలేదు. అది నేను సాధన చేసి వెళ్లాను.

మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామె మొదట నోరు విప్పింది. "ఓలమ్మా, అంత సదూకున్నదానివి, ఒక్క మాట సెప్పడానికి ఆరేళ్లు పట్టిందేటి?"

"పట్టిందమ్మా" అన్నాను.

రామినాయుడు గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఆరేళ్లు ఆడు మా గుమ్మం తొక్కనేదు" అన్నాడు. "ఆడి తాత నోటి కత మా తాత ఇన్నాడు. ఎవరో ఆవిడ ఆఫీసులో సెప్పిన మాట నమ్మినాం గానీ ఆడి మాట నమ్మనేదు. నువ్వు సెప్పింది తప్పే తల్లీ. నమ్మింది మాం."

"ఇప్పుడేటంటావు మావా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఏటంటాను? తాంబూలం కట్టండి, ఆడిని కతకి పిలుద్దాం."

అధ్యక్షుడు డీజేకు మాట ఇచ్చేశామన్నాడు. పెద్ద గొడవే జరిగింది. చివరికి డీజే ఊరి చివర, కథ గుడి దగ్గర అని తేల్చుకున్నారు. ఒక రాత్రికి ఒప్పుకున్నారు. మూడు కాదు. అది కూడా రాయాలి. నేను ఒప్పుకోగానే అంతా మునుపటిలా అయిపోయిందని మీరు అనుకోకూడదు.

ఆయన పెట్టిన షరతు

మర్నాడు ఉదయం రామినాయుడు, ఇంకో ఇద్దరు, నేను రాజాం వెళ్లాం. తవిటయ్య డ్యూటీలో ఉన్నాడు. గేటు దగ్గరే తాంబూలం ఇచ్చారు. ఆయన టోపీ తీసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు. సింహాచలం నెల్లిమర్లలో పనికి కుదిరాడని, సెలవు పెట్టించి తెస్తానని చెప్పాడు. గొంతు మునుపటిలా లేదన్నాడు. "ఉన్నకాడికి సెప్పు" అన్నాడు రామినాయుడు. తర్వాత వాళ్లు వరి గురించీ, ఎవరింట్లో ఎవరు పోయారో దాని గురించీ మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను.

బయలుదేరబోతుంటే నాలోని ఆఫీసరు ఊరుకోలేదు. "తవిటయ్యగారూ, పండగకి నేను వస్తాను. కథ మొదటినుంచి చివరిదాకా రికార్డు చేయిస్తాను. మంచి కెమెరా ఉన్నవాళ్లు తెలుసు నాకు" అన్నాను. ఎంతో మేలు చేస్తున్నట్టు.

ఆయన తాంబూలం జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క మాట సెప్తాను, ఏటనుకోకండమ్మా. మీరు రావద్దు."

"నేను ఏమీ అననండీ. ఓ మూల కూర్చుంటాను."

"మీరు మూల కూకున్నా నా కన్ను మీ మీదే ఉంటాది. అమ్మోరి మీద ఉండదు. మీరు రాకపోతేనే నాను సెప్పగలను."

రామినాయుడు నేల చూశాడు. నా నాలుక మీదికి పది మాటలు వచ్చాయి. ఈ కళ ఎంత విలువైనదో, రికార్డు లేకపోతే ఏమైపోతుందో, ఇవన్నీ. ఒక్కటీ అనలేదు.

పండగ నాడు నేను ఇంట్లోనే ఉన్నాను. కథ ఎలా జరిగిందో, ఎందరు కూర్చున్నారో, ఆయన గొంతు నిలబడిందో లేదో నాకు తెలియదు. ఫోను చేసి కనుక్కోలేదు. ఇరవై ఏడేళ్లు కళాకారులకు షరతులు పెట్టాను. ఒక కళాకారుడు నాకు పెట్టిన షరతును పాటించింది ఆ ఒక్కసారే.